ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇవ్వండి, మంచం మాత్రం అమ్మకండి

విశాఖలో మహారాణిపేట, పెదవాల్తేరు, దొండపర్తి, ఏ వైపు వెళ్లినా పాత డాబా ఇళ్లు ఒక్కొక్కటే డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోతున్నాయి. బిల్డరుతో అగ్రిమెంటు అవుతుంది, అద్దె ఇల్లు చూసుకుంటారు, ఖాళీ చెయ్యాల్సిన తేదీ దగ్గరపడుతుంది. అప్పుడు సామాను పంపకం మొదలవుతుంది. ఇత్తడి బిందెలకు, రాగి కాగుకు పోటీ ఉంటుంది. దేవుడి మందసాన్ని ఎవరో ఒకరు కళ్లకద్దుకుని తీసుకెళ్తారు. పట్టె మంచం, చెక్క బీరువా, పేము అల్లిన కుర్చీలు, భోషాణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ నేలచూపులు చూస్తారు. "మా ఫ్లాట్‌లో పట్టదు వదినా" అని ఒకరు, "మేం అంతా కొత్తగా చేయించుకుంటున్నాం కదా" అని ఇంకొకరు. చివరికి పాత సామాన్లు కొనేవాడు ఆటో ట్రాలీ పట్టుకుని వస్తాడు. బేరం టీ తాగేలోపు తెగిపోతుంది. కొన్నాళ్లకు అలాంటి మంచమే పాలిష్ పట్టించుకుని, వింటేజ్ అని చీటీ తగిలించుకుని ఏ రిసార్టులోనో, ఏ పెద్ద షాపులోనో కనిపిస్తే ధర చూసి నోరెళ్లబెడతాం.

మా చుట్టాల ఇళ్లల్లో ఇది చూసీ చూసీ రాస్తున్నాను. బాగా చేసిన పాత సామాను మన కొత్త ఇళ్లల్లో ఉండాల్సింది జ్ఞాపకం కోసం కాదు. అది మన వాతావరణానికి తగ్గట్టు చేసిన వస్తువు, చెడిపోతే బాగుచేసుకునే వీలుతో చేసిన వస్తువు. ఈ రెండు గుణాలూ కలిసి ఉన్న సామాను ఇవాళ షాపుల్లో దొరకడం చాలా కష్టం. జ్ఞాపకాలుంటే సంతోషమే. కానీ జ్ఞాపకం ఒక్కదాని మీదే నిలబెడితే ఆ మంచం ఎక్కువ కాలం నిలవదు. తాతగారిని చూడని మనవడికి ఆ జ్ఞాపకం ఉండదు. వాడికి కావలసింది నడుం వాల్చుకోవడానికి ఊగకుండా నిలబడే మంచం. ఆ పని అది ఇప్పటికీ చేస్తుంది కాబట్టే దాని తరఫున మాట్లాడుతున్నాను.

ముందు చెక్క సంగతి చూద్దాం. మన కోస్తా ఊళ్లలో పాత ఇళ్ల సామాను చాలామటుకు టేకు. అందులో బర్మా టేకు అంటే ఇప్పటికీ పెద్దవాళ్ల గొంతులో ఒక గౌరవం వినిపిస్తుంది. ఆ గౌరవానికి కారణం ఉంది. బర్మా అడవుల్లో టేకు చెట్టును పచ్చిగా కొట్టేవాళ్లు కాదు. చెట్టు మొదలు దగ్గర చుట్టూ బెరడునూ దాని కింది తెల్లచెక్కనూ వలయంలా నరికేవాళ్లు. నీరు పైకెక్కక చెట్టు నిలబడినచోటే చచ్చిపోయేది. అలా రెండు మూడేళ్లు ఎండనిచ్చాక కొట్టేవాళ్లు. ఎందుకంటే పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండిన టేకు తేలుతుంది. ఏనుగులతో ఏటిదాకా లాగించి, తెప్పలు కట్టి ఐరావతి మీదుగా రంగూన్ చేర్చేవాళ్లు. అంటే దుంగ రంపం కిందికి రాకముందే చాలా మటుకు ఆరిపోయి ఉండేది. ఆ టేకు మీద ఎంత ఆశ ఉండేదంటే, 1885లో బ్రిటిష్‌వాళ్లు ఎగువ బర్మా మీద యుద్ధానికి వెళ్లడానికి ఒక కలప కంపెనీకి, అక్కడి రాజుకు దుంగల లెక్క దగ్గర వచ్చిన తగాదా సాకుగా పనికొచ్చింది.

మా ఉత్తరాంధ్రకు ఈ కథ దూరపుది కాదు. మన పెద్దవాళ్లు రంగం అని పిలిచింది ఆ రంగూన్‌నే. ఈ తీరం నుంచి వేలాదిమంది స్టీమరెక్కి వెళ్లి అక్కడి రేవుల్లో, రైస్ మిల్లుల్లో కూలి చేశారు. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ని పట్టుకున్నప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక్కి వచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో విశాఖ మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. మనుషులు వెళ్లిన ఆ సముద్రం మీదుగానే కలప ఇటు వచ్చింది. ఇంట్లో బర్మా టేకు మంచం ఉన్నవాళ్లు దాన్ని ఊరికే ఖరీదైన చెక్కగా చూడటం నాకు నచ్చదు. అందులో మన మనుషుల వలస కూడా ఉంది.

ఇప్పుడు ఆ చెక్క దొరకదా అంటే, దాదాపు దొరకదు. బర్మా, అంటే ఇప్పటి మయన్మార్, 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని ఆపేసింది. ఇవాళ అడితీల్లో కనిపించే టేకులో ఘనా, నైజీరియా, ఈక్వడార్ లాంటి చోట్ల తోటల్లో పెంచినది చాలా ఉంటుంది. అది టేకు కాదని అనను. కానీ చిన్న వయసులో కొట్టిన చెట్టులో చేవ, అంటే నడిమి ముదురు చెక్క, తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. చెద నుంచి టేకును కాపాడేది చేవలో ఉండే సహజమైన పదార్థాలు. టెక్టోక్వినోన్ అనేది వాటిలో ఒకటి. తెల్లచెక్కలో ఆ రక్షణ ఉండదు. అందుకే కొత్తగా చేయించిన "టేకు" తలుపుకు నాలుగేళ్లలో పురుగు పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. పాత బీరువా తలుపులో ఉన్నది నిండు వయసు చెట్టు చేవ. దాన్ని అమ్మేసి ఆ డబ్బుతో అంతే చేవ ఉన్న చెక్క కొనాలనుకుంటే ఆ డబ్బు చాలదు.

అయితే మంచి చెక్క ఉంటే చాలదు. చేసిన పద్ధతి ఇంకా ముఖ్యం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

పాత చెక్క బీరువా తలుపు దగ్గరగా చూడండి. చుట్టూ ఒక చట్రం, మధ్యలో పలక. చట్రం లోపలి అంచున సన్నటి గాడి తొలిచి ఉంటుంది. పలక ఆ గాడిలో కూర్చుని ఉంటుంది, అంతే. జిగురు లేదు, మేకు లేదు. పక్కల కాస్త ఖాళీ కూడా వదిలి ఉంటారు. ఆ ఖాళీ నిర్లక్ష్యం వల్ల మిగిలింది కాదు. చెక్క కోతకొచ్చాక కూడా గాలిలో తేమను పీలుస్తుంది, వదులుతుంది. పొడవులో దాదాపు మార్పుండదు గానీ వెడల్పులో ఉబ్బుతుంది, తగ్గుతుంది. విశాఖ లాంటి ఊళ్లో, సముద్రం పక్కన, ఆగస్టులో ఉబ్బిన పలక మళ్లీ పొడి రోజుల్లో లోపలికి తగ్గుతుంది. ఆ కదలికకు చోటివ్వకపోతే పలక పగులుతుంది, లేదా చట్రాన్నే విడదీస్తుంది. పేరు కూడా రాసుకోని ఒక వడ్రంగి, తన తరవాత ఎన్నో వానాకాలాలు ఆ తలుపు మీదుగా వెళ్తాయని లెక్కేసుకుని, రెండు నూలు పోగుల మందం ఖాళీ వదిలాడు. దానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

కీళ్ల సంగతీ అంతే. ఒక చెక్క కొసను సన్నగా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దింపి, అడ్డంగా ఒక కొయ్య చీల కొట్టేవాళ్లు. సొరుగు మూలల్లో రెండు చెక్కల పళ్లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. లాగినకొద్దీ బిగుస్తాయి. ఇనుప మేకు మన ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, ఆ తుప్పు చుట్టూ చెక్కను కూడా నల్లబరుస్తుంది. చెక్కలోకి దిగిన చెక్కకు ఆ బాధ లేదు.

మా ఇంటి మంచం ఒక కాలు వదులైతే కంచరపాలెం నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించాం. ఫెవికాల్ డబ్బా నేనే తెచ్చి ముందు పెట్టాను. ఆయన పక్కకు జరిపేశారు.

"ఇది పెడితే ఇవాళ బిగుస్తాదమ్మా. నా తరవాతోడు విప్పాలంటే చెక్క విరగ్గొట్టాల."

"మరి ఊడిపోదా మేస్త్రీ?"

"ఊడదు. వదులైతే మళ్లీ చీల మార్చుకుంటారు. చీల కోసం మంచం పారీరు గదా."

ఆయన పాత చీలను తట్టి బయటికి తీసి, మద్ది ముక్క ఒకటి చెక్కి కొత్తది దించారు. కాలు మళ్లీ వదులవలేదు. చీల చెడిపోతే చీల మారుతుంది, పేము తెగితే అల్లిక మారుతుంది, పాలిష్ పోతే మళ్లీ పాలిష్. అసలు వస్తువు ఉంటుంది. పాత పాలిష్ కూడా అలాంటిదే. లక్క రేకులు స్పిరిట్‌లో కరగబెట్టి, దూది చుట్టిన గుడ్డతో పల్చగా పొర మీద పొర వేస్తారు. వేడి గ్లాసు పెట్టి తెల్లటి మచ్చ పడిందా, అక్కడే కాస్త స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పొర కరిగి మళ్లీ సర్దుకుంటుంది. కొత్త పొర పాత పొరలో కలిసిపోతుంది. ఈ మధ్య అందరూ వేయిస్తున్న పీయూ (పాలీయురితేన్) పాలిష్ గట్టిదే, నీళ్లకు తట్టుకుంటుంది. కానీ ఒక చోట గీత పడితే ఆ ఒక్క చోట బాగుచెయ్యడం కష్టం. మొత్తం గీకాలి.

ఇప్పుడు మన ఫ్లాట్లలోకి వస్తున్న బోర్డుల సంగతి. పార్టికల్ బోర్డు, ఎమ్‌డీఎఫ్ అనేవి చెక్క రజను, పీచును జిగురుతో కలిపి వేడి మీద నొక్కి చేసేవి. అవి పనికిమాలినవని అనడం అన్యాయం. మిగిలిపోయే చెక్క అందులో వాడుకకొస్తుంది. కొత్తగా పెళ్లయినవాళ్లకు చేతికందే ధరలో అల్మరా దొరుకుతుంది. వంటింట్లో సింకు కింద అయితే ఐఎస్ 710 గుర్తు ఉన్న మెరైన్ ప్లైవుడ్‌ని మించింది లేదు, అక్కడ టేకు పెట్టమని నేను చెప్పను. కానీ సాధారణ పార్టికల్ బోర్డుకు నీళ్లు తగిలి ఉబ్బితే మళ్లీ తగ్గదు. కీలు స్క్రూ ఒకసారి వదులైతే ఆ బెజ్జంలో మళ్లీ పట్టదు. దానికి రెండో జన్మ లేదు. పైగా చాలా బోర్డుల్లో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. కొత్త అల్మరా తెరిస్తే కళ్లు మండే ఆ వాసన దానిదే. దాన్ని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. తక్కువ వదిలే రకం బోర్డులు ఉన్నాయి. కొనేటప్పుడు అడగండి. చంటిపిల్లలున్న గదిలోకి తెచ్చేటప్పుడు తప్పకుండా అడగండి.

తేడా ఏమిటో మా కళ్లకు కనిపించింది 2014 అక్టోబర్ 12న. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద తీరం దాటిన ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి. బాల్కనీ వైపు అద్దాలు పగిలి, వాన గదిలోకి అడ్డంగా కొట్టింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఆరబెట్టే దారి లేదు. టీవీ యూనిట్ అడుగు వారం తిరిగేసరికి తడిసిన బ్రెడ్డులా ఉబ్బి, లామినేట్ లేచిపోయింది. అదే గదిలో, అదే నీళ్లలో నిలబడ్డ టేకు బల్ల కాళ్లు నల్లబడ్డాయి. పాలిష్ తెల్లగా పాలిపోయింది. గోడకు దూరంగా జరిపి, ఎండ తగలకుండా నీడలో ఆరనిచ్చాం. పాలిష్ మళ్లీ వేయించాక ఆ బల్ల ఇవాళ్టికీ వాడుతున్నాం. ఆ తరవాత చాలా ఇళ్ల ముందు ఉబ్బిన బోర్డుల గుట్టలు చూశాను. పాత మంచం ఒక్కటి కూడా ఆ గుట్టల్లో నా కంటపడలేదు.

తుఫాను అరుదు అనుకున్నా, తేమ రోజూ ఉంటుంది. బీచ్ రోడ్డు నుంచి కిలోమీటరు లోపల ఉన్నవాళ్లను అడగండి, బాక్స్ కాట్ ఎత్తితే లోపల దుప్పట్ల వాసన ఎలా ఉంటుందో. నేలకు ఆనుకుని, గోడకు అతుక్కుని ఉన్న పెట్టెలోకి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? పాత సామాను చాలామటుకు కాళ్ల మీద నిలబడుతుంది. బీరువాకు కాళ్లు, బల్లకు కాళ్లు, తినుబండారాల అలమరకు కాళ్లు. చీమలు ఎక్కకుండా ఆ కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టేవాళ్లు. కింద చీపురు వెళ్తుంది, తడిగుడ్డ వెళ్తుంది, గాలి వెళ్తుంది. పాత మంచం ఎత్తు కూడా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అనుకూలం. మా అత్తగారు కొత్త లో-ఫ్లోర్ బెడ్ మీద నుంచి లేవలేక మళ్లీ పాత మంచానికే మారారు. పేము అల్లిక కుర్చీకి వీపు ఆనిస్తే చెమట ఆరుతుంది. రెక్సిన్ సోఫా మీద మే నెలలో కూర్చున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా ఆ తోలులాంటి పై పొర మన తేమకు కొన్నేళ్లలోనే పొలుసుల్లా రాలిపోతుంది.

విశాఖవాళ్లు ఈ విషయంలో గర్వపడటానికి ఇంకో కారణం ఉంది. మనలో చాలామందికి ఆ సంగతే తెలియకపోవడం నాకు బాధ. విశాఖపట్నం పేరు ప్రపంచంలోని పాత సామాన్ల నిపుణులకు ఉక్కు కర్మాగారం వల్ల తెలియలేదు, ఫర్నిచర్ వల్ల తెలిసింది. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టింది బట్టల వ్యాపారం కోసం. 18వ శతాబ్దానికి ఇక్కడి కంసాలి పనివాళ్లు ఇంగ్లండ్ నమూనాలు చూసి కుర్చీలు, రాత బల్లలు, అద్దాల పెట్టెలు చేయడం మొదలుపెట్టారు. నల్లటి చేవ ఉన్న చెక్కలో దంతపు రేకులు పొదిగేవాళ్లు. లేదా పెట్టె మొత్తాన్నీ దంతపు రేకులతో కప్పి, వాటి మీద పూలతీగలు, భవనాలు సన్నటి గీతలుగా చెక్కి ఆ గీతల్లో నల్ల లక్క నింపేవాళ్లు. ఆ వస్తువులను ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో "విజగపటం" పేరుతోనే భద్రపరిచారు. వన్ టౌన్ సందుల్లో తిరిగేటప్పుడు, ప్రపంచం ఇంత అపురూపంగా దాచుకున్న పని ఈ చుట్టుపక్కల చేతులు చేసినదే అనుకుంటే నా నడక నెమ్మదిస్తుంది.

దంతం సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఏనుగులను చంపి తెచ్చిన ఆ ముడిసరుకు మళ్లీ రాకూడదు. దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో నిషేధించారు, మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఒప్పుకోదు. ఎవరైనా "పాత దంతపు పని" అంటూ అమ్మజూపితే కొనకండి. మనం తీసుకోవాల్సింది ఆ చేతి నేర్పు, కీలు కుదిర్చే ఓపిక. లక్క పని ఇప్పటికీ మన జిల్లాల చేతుల్లోనే ఉంది. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్ర మీద అదే లక్కతో మెరుస్తున్నాయి. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, జనం కొంటున్నారు, కాబట్టి పని బతికింది. మంచం కాలు బిగించే మేస్త్రికి ఏ గుర్తింపూ లేదు. ఆయనకు మనం ఇవ్వగలిగింది పని ఒక్కటే.

విలువ తెలియక వదులుకున్నదాన్ని పరాయివాళ్లు ఎత్తుకుపోవడం మనకు కొత్త కాదు. 1950ల్లో చండీగఢ్ కట్టినప్పుడు పియర్ జాన్నరే అనే స్విస్ వాస్తుశిల్పి ప్రభుత్వ ఆఫీసుల కోసం టేకుతో, పేముతో సాదాసీదా కుర్చీలు గీశారు. ఇక్కడి పనివాళ్లే చేశారు. కాలం గడిచాక అవి ఆఫీసుల మేడల మీద, తుక్కు గదుల్లో గుట్టలు పడ్డాయి. విదేశీ వ్యాపారులు తుక్కు వేలంలో కొనుక్కెళ్లి, బాగుచేయించి, పారిస్, న్యూయార్క్ వేలాల్లో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకం, ఎగుమతి ఆపమని ఆదేశం ఇచ్చేసరికి చాలామటుకు పోయాయి. మన ఊళ్లోనూ పాత ఆఫీసుల వెనక వరండాల్లో చెయ్యి విరిగిన టేకు కుర్చీలు వానకు తడుస్తూ కనిపిస్తాయి. వాటి బదులు లోపల చక్రాల మీద తిరిగే ఆఫీసు కుర్చీలు, వాటిలో సగం చక్రాలు ఊడినవి. వేలం వెయ్యకముందు ఒక్క వడ్రంగిని పిలిచి చూపించమని నియమం పెడితే ఎంత బాగుంటుంది!

నాతో వాదించేవాళ్లు చెప్పే మాటలు కూడా తేలిగ్గా తీసిపారేసేవి కావు. ఫ్లాటు చిన్నది, లిఫ్టు ఇంకా చిన్నది. నిజం. పందిరి మంచం పది అడుగుల సీలింగు కింద ఫ్యాను తగిలేలా ఉంటుంది, నేనూ పెట్టమనను. కానీ పట్టె మంచం, బీరువా చాలావరకు విడదీసి తీసుకెళ్లేలా చేసినవే. తలవైపు, కాళ్లవైపు, పక్క పట్టెలు విడిపోతే మధురవాడలో పదో అంతస్తుకు కూడా వెళ్తాయి. రెండేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్ అయ్యే ఉద్యోగమైతే బరువైన సామాను వద్దనే చెప్తాను. లారీల్లో ఎక్కించి దించడంలో మంచి సామాను కూడా పాడవుతుంది. మోకాళ్లు పట్టేసినవాళ్లకు పడక కుర్చీ కూడా మంచిది కాదు. అందులో కూర్చోవడం సుఖం, లేవడం కష్టం.

"ఎవరో పోయిన మంచం ఎలా పడుకుంటాం?" అనే మాట మన ఇళ్లల్లో గట్టిగా ఉంటుంది. ఆ మనసును నేను తప్పుపట్టను. సొంత ఇంటి మంచమైతే మైల తీరాక శుద్ధి చేసుకుని వాడుకునేవాళ్లు ఉన్నారు. తెలియనివాళ్లది అయితే మంచం వదిలేసి బల్ల, బీరువా, పుస్తకాల అలమర తీసుకోండి. అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. ఆడపిల్లకు సారె పెడితే అన్నీ కొత్తవి, మెరిసేవి ఉండాలి. పాత మంచం ఇస్తే "వాళ్లింట్లో ఉన్నది తోసేశారు" అంటారేమో అని పుట్టింటివాళ్ల టెన్షన్. ఒకప్పుడు సారె మంచం మేస్త్రి ఇంటికి వచ్చి, పెరట్లో కూర్చుని చేసినది. ఇప్పుడు షోరూం నుంచి వస్తోంది. అత్తవారింటి గౌరవం వార్నిష్ మెరుపులో ఉందనుకోవడం మనం మానుకోవాలి. అమ్మమ్మ మంచాన్ని బాగుచేయించి సారెలో పెట్టిన ఇంటిని నేను చూశాను. ఆ అమ్మాయి అత్తగారు వచ్చిన ప్రతివాళ్లకూ ఆ చెక్కడం చూపించేవారు.

పాతదంతా మంచిదేనని మాత్రం అనుకోవద్దు. పాతకాలంలోనూ నాసి పనివాళ్లు ఉన్నారు. అప్పటి నాసి సామాను ఎప్పుడో పొయ్యిలోకి పోయింది కాబట్టి మనకు కనిపించదు. కొనేటప్పుడు ముందు వైపు చూడకండి, సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని అడుగు చూడండి. వెనక పలక చూడండి. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయా, మూల మీద చెయ్యి వేసి నొక్కితే కదులుతుందా చూడండి. సన్నటి గుండ్రటి బెజ్జాలుండి కింద పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉంది. కొత్తగా చేసి, గొలుసులతో కొట్టి, రంగు గీకి పాతదానిలా తయారుచేసినవి కూడా వస్తున్నాయి. వాటి లోపల కీళ్లు చూస్తే స్క్రూలు కనిపిస్తాయి. వాటికి పాతదాని ధర పెట్టకండి.

ఇంట్లో ఉన్నవాళ్లు చేసే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మెషిన్ పెట్టి వందేళ్ల రంగునంతా గీకించి, అద్దంలా మెరిసే పాలిష్ కొట్టించడం. చెక్కడాల అంచులు అరిగిపోతాయి, చెక్క రంగు లోతు పోతుంది. మురికి తుడిచి, వదులైన కీళ్లు బిగించి, లక్క పాలిష్ ఒక పల్చటి చెయ్యి వేయిస్తే చాలు. ఏసీ గాలి తిన్నగా తగిలేచోట పెట్టకండి, ఆ పొడి గాలికి చెక్క బీటలు వారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాడండి. హాల్లో తాడు కట్టి, "ముట్టుకోకండి" అని పిల్లలను అదిలించేలా పెడితే ఆ వస్తువు ఇంట్లో ఉన్నా ఇంటిది కాదు. బల్ల మీద పిల్లలు హోంవర్క్ చెయ్యాలి. భోషాణంలో చలికాలం దుప్పట్లు ఉండాలి. వాడితేనే కాలు వదులైన సంగతి తెలుస్తుంది, మేస్త్రికి కబురు వెళ్తుంది.

ఆ కబురు అందుకునేవాళ్లు తగ్గిపోతున్నారన్నదే నా భయం. మా మంచం బాగుచేసిన మేస్త్రి కొడుకు మాడ్యులర్ కిచెన్ల పనిలో ఉన్నాడు. మంచి పనివాడే, నెలనెలా జీతం వస్తుంది, అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. చీల చెక్కడం మాత్రం నేర్చుకోలేదు. నేర్చుకున్నా పిలిచేవాళ్లు ఏరీ? పాత మంచం అమ్మిన ప్రతి ఇల్లూ ఆ మేస్త్రికి ఒక ఇల్లు తక్కువ. బాగుచేసే కూలి కొత్త చవక మంచం ధరలో సగం అవుతోందని కొందరు గింజుకుంటారు. అయితే అవనివ్వండి. ఆ డబ్బు ఈ ఊళ్లో, ఈ చేతికి వెళ్తోంది.

కాబట్టి ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేవాళ్లను అడిగేది ఇదే. ట్రాలీవాడికి ఫోన్ చెయ్యకముందు ఒక వడ్రంగిని పిలవండి. ఏది చేవ, ఏది కాదు ఆయన చూసి చెప్తారు. ఉంచుకోవాల్సినవి ఆయన చేతే విప్పించండి. ఏ కాలు ఏ మూలదో, ఏ పట్టె ఏ వైపుదో లోపలివైపు గుర్తు పెట్టించండి, ఎందుకంటే చేత్తో చేసిన కీలు తన బెజ్జంలో తప్ప ఇంకో దాంట్లో సరిగా కూర్చోదు. విప్పకముందు నాలుగు వైపులా ఫోన్లో ఫోటోలు తీసుకోండి. చీలలన్నీ ఒక గుడ్డసంచిలో వేసి ఆ సంచిని తలవైపు చెక్కకే కట్టండి. కొత్త ఫ్లాటు చేతికొచ్చేదాకా రెండు మూడేళ్లు పడుతుంది కదా, అంతవరకు నేల మీద కాకుండా ఇటుకల మీద, గోడకు జానెడు దూరంగా, పాత నూలు దుప్పటి కప్పి ఉంచండి. ప్లాస్టిక్ షీటు చుట్టకండి, లోపల తేమ పట్టి బూజొస్తుంది. ఫ్లాటు ప్లాను గీసేటప్పుడే మంచం కొలతలు ఆర్కిటెక్టుకు ఇచ్చేయండి. గది మంచానికి తగ్గట్టు గీయమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.